వాళ్ళకేం లోటండీ

మా ఆయన జీవితంలో ఎవరి గురించీ ఒక్క చెడ్డమాట చెప్పి ఎరగరు. ఇది సద్గుణం అనుకునేవాళ్ళు ఆయనతో కాపురం చేసి చూడాలి. స్టీల్ ప్లాంటులో మెటలర్జిస్టుగా పనిచేసినన్నాళ్ళూ ఉక్కుముక్కలో వెంట్రుకవాసి పగులున్నా ఇట్టే పట్టేసేవారట. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ చూపు పనిచేయదు. పనిచేసినా, నోరు దాన్ని బయటికి రానివ్వదు. పక్కింటాయన తన డ్రైవ్‌వేలో మంచంతా మా వైపుకి తోసేస్తుంటే కిటికీలోంచి చూస్తూ "పాపం, నడుంనొప్పి కాబోలు" అంటారు. తర్వాత ఆ మంచు తీసేది నేను.

ఈ గుణం వల్ల రిటైరయ్యాక కూడా ఆయనకు చేతినిండా పని దొరికింది. పెళ్ళిసంబంధాల వాకబు. ఎడ్మంటన్‌లోనో సియాటిల్‌లోనో ఉన్నవాళ్ళకి మా ఊళ్ళో ఎవరితోనైనా సంబంధం కుదిరేలా ఉందనుకోండి, ఎవరో ఒకరు మా నంబరిస్తారు. ముక్కూ మొహం తెలియని ఒకావిడ ఫోన్ చేసి, మర్యాదగా పరిచయం చేసుకుని, ఆ కుటుంబాన్ని ఎన్నాళ్ళుగా ఎరుగుదురు, ఉద్యోగం ఎలాంటిది, ఇంట్లో పరిస్థితులెలా ఉంటాయి అని అడుగుతుంది. మా ఆయన రిక్లైనర్ వెనక్కి వాల్చుకుని, గొంతు సవరించుకుని, "అబ్బే, వాళ్ళకేం లోటండీ" అని మొదలుపెడతారు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు తమను తాము గుర్తుపట్టడం కష్టం.

ఇందులో మోసమేమీ లేదు. అడిగేవాళ్ళకీ చెప్పేవాళ్ళకీ పద్ధతి తెలుసు. "చాలా మంచివాళ్ళండీ" అంటే ముందుకు వెళ్ళొచ్చని, "మంచివాళ్ళేనండీ" అంటే ఇంకో చోట కూడా కనుక్కోమని, "మాకంత పరిచయం లేదండీ" అంటే ఆ వీధిలోకే వెళ్ళొద్దని అర్థం. కెనడాకు వచ్చి ఇన్నేళ్ళయినా ఈ పద్ధతి మారలేదు. దీనితోనే మన పిల్లల పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి, కొన్ని నిలుస్తున్నాయి కూడా. మా గుడికొచ్చే ఒక అమ్మాయి కొంప ముంచింది కూడా ఇదే.

ఆ అమ్మాయిది నల్గొండ వైపు. భర్త ఇక్కడ కాలేజీలో చదవడానికి వచ్చి, చదువయ్యాక వర్క్ పర్మిట్ మీద వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో చేరాడు. మా ఊరి నుంచి కొందరు కుర్రాళ్ళు కలిసి ఒకే కారులో అక్కడికి వెళ్ళొచ్చేవాళ్ళు. తర్వాత భార్యా, చిన్న పాపా వచ్చారు. పర్మిట్ పొడిగిస్తానని ఫీజు తీసుకున్న కన్సల్టెంటు గడువు దాటబెట్టి, ఆపైన ఫోనెత్తడం మానేశాడు. అప్లికేషన్ రిఫ్యూజ్ అయింది. అద్దె, కూరగాయలు, పాప బూట్లు మాత్రం రిఫ్యూజ్ కాలేదు కనుక అతను పనికి వెళుతూనే ఉన్నాడు. ఒకరోజు ఇమిగ్రేషన్ ఆఫీసర్లు వేర్‌హౌస్‌కి వచ్చారు. సాయంత్రం కారు అతను లేకుండానే తిరిగొచ్చింది.

గుడిలో ఆ అమ్మాయి చెప్పింది వేరు. మామగారికి కంటి ఆపరేషనని తన భర్త ఇండియా వెళ్ళాడంది. అసలు సంగతి అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో ఊరంతా తిరిగేసింది. అయినా ప్రతి ఆదివారం ఒక్కొక్కరే ఆ అమ్మాయి దగ్గరికొచ్చి, మామగారికి చూపెలా ఉందమ్మా, పొర పూర్తిగా తీసేశారా, చుక్కలు వేస్తున్నారా అని ఎంతో ఆపేక్షగా అడిగేవాళ్ళు. ఆ అమ్మాయి అంతే ఓపిగ్గా జవాబిచ్చేది. అవసరమైతే మనవాళ్ళు ఆ పెద్దాయన రెండో కంటికి కూడా ఆపరేషన్ చేయించేవాళ్ళు గానీ, నిజం మాత్రం అడగరు.

నాకు మర్యాద తక్కువ. ఒక ఆదివారం గుడి బయట బస్ షెల్టర్‌లో పాపతో నిలబడి ఉంటే, కారాపి ఎక్కించుకుని, మీ ఆయన్ని ఏ డిటెన్షన్ సెంటర్లో పెట్టారమ్మా, లాయరున్నాడా అని నేరుగా అడిగేశాను. ఆ అమ్మాయి ఒళ్ళో టిఫిన్ డబ్బాల సంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఎవ్వరికీ చెప్పకండి ఆంటీ. ఇండియా పోయిండనే అనుకోనియ్యండి" అంది చివరికి.

అందరికీ తెలుసమ్మా అని నేను అనలేదు. ఆమాత్రం మర్యాద నాకూ ఉంది.

ఆ రోజు కారులో విన్నదాని సారాంశం ఇది. అతన్ని ఎయిర్‌పోర్టు దగ్గరి హోల్డింగ్ సెంటర్లో ఉంచారు. లీగల్ ఎయిడ్ లాయరమ్మ మంచిదే. కేసు నడిచినన్నాళ్ళూ అతను బయట ఉండొచ్చు గానీ, వదలాలా వద్దా అని తేల్చడానికి త్వరలో జరిగే రివ్యూలో రెండు చూపించాలంది. అతను ఉండబోయే ఇల్లు ఒకటి, పూచీ ఉండే సిటిజన్ ఒకరు. పూచీ సంగతి తర్వాత, ముందు ఇల్లే ఊగుతోంది. ఆ బేస్‌మెంటు ఓనరు మన తెలుగాయనే. అద్దె ఆగిపోయింది, పైగా ఆఫీసర్లు తన గుమ్మంలోకి వస్తారేమోనని ఆయనకు నిద్ర పట్టడం లేదు. నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. అదీ సూటిగా కాదు, బేస్‌మెంటుకి రంగులు వేయించాలనుకుంటున్నానని చెప్పాడు. ఇల్లు నిలబడితే అతను బయటికొస్తాడు. ఇల్లు పోతే అతన్ని విడిచి పంపించడానికి చిరునామాయే ఉండదు.

ఇలాంటి ఇళ్ళ కోసమే మా సిటీ వాళ్ళు అత్యవసర సాయం ఒకటి పెట్టారని నేను లైబ్రరీ నోటీసుబోర్డు మీద చూసి ఉన్నాను. ఇమిగ్రేషన్ వాళ్ళు సంపాదించే మనిషిని పట్టుకెళితే, మిగిలినవాళ్ళు వీధిన పడకుండా అద్దెకీ తిండికీ ఇస్తారట. కాగితాలు ఏ స్థితిలో ఉన్నాయని అడగరట. ఒక ప్రభుత్వం మనిషిని పట్టుకెళితే, ఇంకో ప్రభుత్వం వెనకాలే వచ్చి ఆ ఇంటి పొయ్యి వెలిగిస్తుందన్నమాట. రెండింటికీ పన్ను కట్టేది మేమే. రోడ్డు మీద మంచు తీయరని ఆ సిటీని ఏళ్ళ తరబడి తిట్టినదాన్ని, ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను.

అప్లై చేయించాను. ఆ కుటుంబాన్ని ఎరిగినవాళ్ళు ఇద్దరి ఫోన్ నంబర్లు అడిగారు. దరఖాస్తుకి సాయం చేసినవాళ్ళు సాక్షిగా ఉండకూడదన్నారు, కనుక నేను పనికిరాను. మా ఆయన నంబరు, గుడిలో వంటశాల చూసుకునే ఆంటీ నంబరు ఇచ్చాం. సిటీ నుంచి ఒకావిడ ఫోన్ చేస్తుంది, ఆ అమ్మాయి పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పండి అని మా ఆయన చెవిన వేశాను. ఐప్యాడ్‌లోంచి చూపు తిప్పకుండానే సరేనని తలూపారు. ఆ తలూపడానికి అర్థం ఏమీ ఉండదని తెలిసి కూడా, నేను పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి ఆయన మహా హుషారుగా ఉన్నారు. ఫోనొచ్చిందనీ, ఇక ఆ అమ్మాయి పని అయిపోయినట్టేననీ చెప్పారు. ఏం చెప్పారని అడిగితే వరసగా అప్పజెప్పారు. చాలా మంచి కుటుంబం అన్నారట. భర్త సిగరెట్టు కూడా ముట్టడు, ఊళ్ళో పొలాలున్నాయి, అత్తింటివైపు అందరూ సెటిలైనవాళ్ళు, అమ్మాయి ఎమ్మెస్సీ, ఒకరి దగ్గర చెయ్యి చాపే రకం కాదు. ఇబ్బందులేమైనా ఉన్నాయా అని ఆవిడ గుచ్చి గుచ్చి అడిగిందట. ఈయన వాకబులో ఆరితేరిన మనిషి కదా, ఆ ఉచ్చులో పడలేదట. వాళ్ళకేం లోటు అని ఇంగ్లీషులో తేల్చేశారట. భర్త ఇంట్లో ఉన్నాడా అంటే, ట్రావెలింగ్ అన్నారట.

నా మొహంలో సగం ఇంకా మత్తింజెక్షన్ మహిమలోనే ఉంది. లేకపోతే ఆ రోజు మా ఇంట్లో చాలా మాటలు దొర్లేవి.

వంటశాల ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడకీ కాల్ వచ్చిందట. ఆవిడ ఇంకో మెట్టు పైకెక్కి, పిల్ల ఒంటి మీద పెళ్ళినాటి బంగారం చెక్కుచెదరకుండా ఉందని చెప్పిందట. ఈ రెండు ఫోన్లతో ఆ అమ్మాయికి మళ్ళీ ఇంకో పెళ్ళి, అదీ ఐటీ సంబంధం, సులువుగా కుదిరిపోయేది. కానీ ఫోన్ చేసింది పెళ్ళికొడుకు తల్లి కాదు. మనం నొక్కి చెప్పిందేదో, నీళ్ళు నమిలిందేదో ఆవిడకు తెలియదు. చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. కుటుంబానికి అత్యవసర స్థితి ఉన్నట్టు కనబడటం లేదని ఆ వారంలోనే ఈమెయిల్ వచ్చింది.

ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి ఆ ఈమెయిల్ చదివి వినిపించింది. ఏడవలేదు. అంకుల్ మంచిగనే చెప్పిన్రు కదా ఆంటీ, మరి ఎందుకు ఇస్తలేరు అని అడిగింది. మంచిగా చెప్పినందుకే ఇవ్వడం లేదని ఎలా చెప్పాలో తెలియక నేనే కాసేపు ఏడ్చాను.

ఆ తర్వాత మా ఆయన మీద పడ్డాను. ఆయన నొచ్చుకున్నారు గానీ, తప్పు చేశానని ఒప్పుకోలేదు. ఒక ఆడపిల్ల కాపురం గురించి అడుగుతుంటే, వాళ్ళాయన లోపలున్నాడు, తినడానికి లేదు అని ఫోన్లో పరాయి మనిషికి ఎలా చెప్తామే అన్నారు. రేపు ఆ అమ్మాయికి తెలిస్తే తలెత్తుకోగలదా అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే నాకు కోపం ఇంకా పెరిగింది.

మళ్ళీ పరిశీలించమని అడగొచ్చన్నారు సిటీ వాళ్ళు. సాక్షి స్వయంగా వచ్చి మాట్లాడితే మంచిదన్నారు. దాంతో మా డైనింగ్ టేబుల్ దగ్గర ట్రైనింగ్ మొదలైంది. నేను సిటీ ఆఫీసర్ని. కుటుంబం ఇబ్బందుల్లో ఉందా అని అడిగితే, కొంచెం ఉంది గానీ సర్దుకుంటారు అనేవారు. సర్దుకుంటారు అనొద్దండీ అంటే, తెలివైన పిల్ల, నెట్టుకొస్తుంది అనేవారు. అద్దె కట్టారా అంటే, ఓనరు మంచివాడు అనేవారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎడ్మంటన్‌లో ఉన్న మా అబ్బాయి వీడియో కాల్‌లో ఇదంతా విని, "డాడ్, జస్ట్ టెల్ ద ట్రూత్" అన్నాడు. వాడి పెళ్ళప్పుడు వాడి గురించి వాకబుకి వచ్చినవాళ్ళకి మా ఆయన మిత్రులెవరూ నిజం చెప్పలేదని వాడికి గుర్తులేదు.

సిటీ ఆఫీసులో మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఫోన్ చేసిన ఆవిడ మా పిల్లల వయసుది. మంచినీళ్ళిచ్చింది, పాపను స్కూల్లో దింపి వచ్చారా అని అడిగింది. నేను ఒక పక్కన, ఆ అమ్మాయి మా ఆయన పక్కన. ఈ కుటుంబం పరిస్థితి మీకు తెలిసినంతవరకు చెప్పండి అందావిడ. మా ఆయన గొంతు సవరించుకున్నారు.  ఆ సవరింపు తర్వాత ఏమొస్తుందో నాకు తెలుసు.

కానీ ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగారు. "చెప్పనా అమ్మా?" అన్నారు తెలుగులో.

"చెప్పండి అంకుల్. ఉన్నది ఉన్నట్టే చెప్పండి" అంది ఆ అమ్మాయి, ఒళ్ళోకి చూస్తూ.

అప్పుడు చెప్పారు. ప్లాంటులో రిపోర్టు చదివినట్టు, ఒక్కో వాక్యం విడివిడిగా. భర్త డిటెన్షన్‌లో ఉన్నాడు. ఆదాయం లేదు. అద్దె కట్టలేదు. ఖాళీ చేయమన్నారు. ఇక్కడిదాకా నేను నేర్పిందే. ఆ తర్వాత ఆయన ఆగలేదు. పాప పొద్దున స్కూల్లో పెట్టేది తింటుంది. ఈ అమ్మాయి ఆదివారం గుడిలో మిగిలిన పులిహోర డబ్బాల్లో పెట్టుకెళుతుంది, వారంలో సగం రోజులు అదే తింటుంది. అందరూ వెళ్ళేదాకా ఆగి, గిన్నెలు కడిగే వంకతో పెట్టుకుంటుంది. చలికోటు మొగుడిది, చేతులు లోపలికి మడిచి కుట్టుకుంది.

ఇవేవీ నాకు తెలియవు. కారులో ఆ డబ్బాల సంచి నా కళ్ళముందే ఉన్నా, నాకు తట్టలేదు. ఈయన ప్రతి ఆదివారం గుడిలో విస్తళ్ళ దగ్గర నిలబడి అందరినీ పలకరిస్తూ ఇదంతా చూశారు. చూసి, పైకి అనకూడదని మింగేశారు. ఆ అమ్మాయి చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు మా ఆయన మీద ఉన్న కోపమంతా ఏమైపోయిందో తెలియలేదు. ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను.

మరి ఫోన్లో అలా ఎందుకు చెప్పారని ఆవిడ అడిగింది. మీరు ఒకరి ఇంటి గురించి అడిగారు, మేం అలాగే చెప్తాం అన్నారు మా ఆయన. ఆవిడ అది కూడా టైప్ చేసుకుంది.

సాయం వచ్చింది. అద్దె నేరుగా ఓనరుకే వెళ్ళింది, కిరాణా కొట్టు కార్డు ఆ అమ్మాయికిచ్చారు. ఓనరు ఈ ఏడాదికి రంగుల ఆలోచన మానుకున్నాడు.

ఇక పూచీ. గ్రూపులో పేర్లు రాయకుండా అడిగాను, ఎవరైనా సిటిజన్లు ముందుకొస్తారా అని. చేతులు జోడించిన బొమ్మలు బోలెడు వచ్చాయి. మనుషులెవరూ రాలేదు. చివరికి లాయరమ్మ మా ఆయన్నే అడిగింది. సరేనన్నారు, ఈసారి ఐప్యాడ్ పక్కన పెట్టి. రివ్యూలో అతనెంత మంచివాడో, కుటుంబం ఎంత స్థిరంగా ఉందో, ఊళ్ళో ఎంత మంది అండగా ఉన్నారో చెప్పాలని ఆవిడ వివరించింది. ఫోన్ పెట్టేశాక మా ఆయన నా వైపు తిరిగి, వాళ్ళకు లోటుందా లేదా, ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు. సిటీ ఆఫీసులో ఉందని, ఇక్కడ లేదని చెప్పాను. ఆయన తలూపారు. ఈసారి నిజంగానే అర్థమైందని తెలిసింది.

రివ్యూ వీడియోలో జరిగింది. మా డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. తెర మీద ట్రిబ్యునల్ ఆవిడ, ప్రభుత్వం తరపు ఆఫీసరు, మా లాయరమ్మ, మూలన ఒక చిన్న చతురస్రంలో అతను. తెల్లగోడ ముందు కుర్చీలో, చాలా చిక్కిపోయి ఉన్నాడు. ఆ అమ్మాయి తెరకు దగ్గరగా జరిగి, ఆ మూలనే చూస్తూ కూర్చుంది.

మా ఆయన మాట్లాడారు. అది ఆయన సొంత మైదానం. అతని నడవడిక, ఒళ్ళొంచి పనిచేసే గుణం, చదువు, గుడిలో సేవ, కుటుంబం పట్ల బాధ్యత, అన్నీ వచ్చాయి. జీవితంలో మొదటిసారి ఆ పొగడ్తలన్నీ చేరాల్సిన చోటికి చేరుతున్నాయి. ట్రిబ్యునల్ ఆవిడ శ్రద్ధగా వింటోంది. నేను ఊపిరి తీసుకున్నాను.

ఆయన ముగించాక, ప్రభుత్వం తరపు ఆఫీసరు ఒకే ప్రశ్న వేశాడు. మర్యాదగానే అడిగాడు. ఈ వ్యక్తి చెప్పిన రోజున మా ముందు హాజరు కాకపోయినా, ఇల్లు మారినా, మిమ్మల్ని నమ్మించి ఎక్కడికైనా వెళ్ళిపోయినా, మీరు మాకు ఫోన్ చేసి చెప్తారా? వెనక్కి పంపించే తేదీ వచ్చినప్పుడు ఎక్కడున్నాడో మీకు తెలిస్తే, చెప్తారా?

 లాయరమ్మ కళ్ళెత్తి చూసింది. మూలన చతురస్రంలో అతను కూడా చూస్తున్నాడు. ఈసారి మా ఆయన ఆ అమ్మాయి వైపు తిరగలేదు. చెప్పనా అని ఆమెను అడిగి జవాబివ్వాల్సిన ప్రశ్న కాదది.

"యెస్. ఐ విల్ టెల్ యూ" అన్నారు. 

ట్రిబ్యునల్ ఆవిడ రాసుకుంది. కాసేపటికి షరతులన్నీ చదివి, అతన్ని మా ఆయన పూచీ మీద వదిలిపెడుతున్నామంది. తెర ఆరిపోయింది.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ లేచి, పాపను స్కూలు నుంచి తేవాలని కోటు వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"నిజంగా చెప్తారా అంకుల్?" అంది.

"చెప్తానమ్మా" అన్నారు మా ఆయన.

ఆ అమ్మాయి తలూపింది. చెప్పాలె అంకుల్, అందుకే కదా వదిలిపెట్టిన్రు అంది, చిన్నగా. మా ఆయన కుర్చీలోంచి లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళారు. ఎంత కష్టంలోనూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, ఆ అమ్మాయి ముందు నిలబడి రెండు చేతులూ జోడించారు.

"నాచేత ఆ ఫోన్ చేయించొద్దని చెప్పు తల్లీ అతనికి" అన్నారు.